సాలమన్ కన్ను పడని మనిషి

సాలమన్‌కు ఒకటే రోగం, అసూయ. పంజగుట్టలో పదిమందికీ తెలిసిన రోగమే, ఆయన దాచుకునే రకం కాదు. మామూలుగా ఓర్వలేనివాడు లోపల కుళ్ళుకుంటూ పైకి పళ్ళికిలిస్తాడు. సాలమన్ అంత శ్రమ పెట్టుకోడు. ఎదుటివాణ్ణి నిలబెట్టి, తల అటూ ఇటూ ఊపి, "నిన్ను చూస్తుంటే నా కడుపు మండుతున్నది భాయ్" అని ముఖానే చెప్పేస్తాడు. చెప్పి, నిజంగా మండుతున్నట్టే పొట్ట నిమురుకుంటాడు. తొంభై ఆరు కిలోల మనిషి గనక ఆ నిమరడం అయ్యేసరికి కొంచెం సేపు పడుతుంది.

అందుకు తగ్గట్టు ఆయనది కళ్ళద్దాల వ్యాపారం. మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో చిన్న షాపు. ఎంత చిన్నదంటే, వచ్చినవాళ్ళు కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకోవాలంటే సాలమన్ బయటికొచ్చి నిలబడాలి. "కండ్లు కుట్టేటోనికి కండ్లద్దాల దుకాణమేందో, దేవునికి సుత నవ్వులాటనే" అంటుంది ఆయన భార్య లోయిస్.

ఓసారి పదేళ్ళ పిల్లను తల్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పిల్ల ఒకటే ఏడుపు. డాక్టరు చీటీలో మైనస్ నాలుగు. సాలమన్ ఆ చీటీ చూసి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాలుగా? గింత పోరికి నాలుగా? అమ్మా, నాకు ఎసొంటి కడుపుమంట పుడుతున్నదో నీకు తెల్వది. చిన్నప్పుడు నేను కండ్లజోడు కోసం నెల రోజులు గోడలకు గుద్దుకున్న. అయినా డాక్టరు ఇయ్యలే. మా క్లాసుల ఒక్కనికే ఉండె, వాన్నే లీడర్ చేసిన్రు."

పిల్ల ఏడుపు ఆపింది. "నిజంగా అంకుల్?"

"నిజంగనా? ఇగో, నా కడుపు మీద చెయ్యి పెట్టు. కాలుతలేదా?"

ఆ పిల్ల ముక్కు పైకెత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు బడి వదలగానే ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొచ్చి, వీళ్ళకు కూడా పవర్ ఉందేమో చూడమంది.

యూసుఫ్‌గూడలో రాజనర్సయ్య అని ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉన్నాడు. మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పలకరించడానికి వెళ్ళిన సాలమన్ ఆ పిండికట్టు చూసి నిలువునా నీరుగారిపోయాడు. "నెల రోజులు గేటు తియ్యమనేటోడు లేడు, మోటరెయ్యమనేటోడు లేడు. అన్నా, నాకేమో రెండు చేతులు సక్కగున్నయ్, సచ్చేదాంక పనే." ఆ మాటతో రాజనర్సయ్య చెయ్యి ఒక ప్రదర్శన అయిపోయింది. కట్టు విప్పే రోజున డాక్టరుతో, ఇంకో వారం ఉంచితే ఏం పోయిందని పేచీ పెట్టుకున్నాడట.

లోకంలో ఎవరైనా మనల్ని చూసి ఏడిస్తే ఉప్పూ మిరపకాయలూ దిగదీస్తాం. పంజగుట్టలో సంగతి తిరగబడింది. సాలమన్ ఏడిస్తే కలిసొస్తుందని పేరు పడింది. ఇరానీ హోటల్లో కాలు మీద కాలేసుకుని, "నిన్న సాలమన్ నన్ను చూసి కుళ్ళిండు తెలుసా" అని చెప్పుకునేవాళ్ళు బయల్దేరారు.

ఇక ఆదివారం. అమీర్‌పేటలో ఆయన వెళ్ళే చిన్న చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాల వేళ ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతారు. ఒకరికి జ్వరం తగ్గింది, ఒకరికి అద్దె ఇల్లు దొరికింది. సాలమన్ లేచాడంటే మాత్రం చర్చి మొత్తం సర్దుకుని కూర్చుంటుంది.

"సహోదరులారా, తొమ్మిది ఆజ్ఞల కాడ నాతోని ఏ లొల్లి లేదు. పదోదే మళ్ళ మీరిన."

బైబిలు చెప్పే పది ఆజ్ఞల్లో పదోది, పొరుగువాడిది ఏదీ ఆశించవద్దన్నది. పాస్టర్‌గారు నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుని, "ఈ వారం ఎవరి మీద, బ్రదర్?" అని అడుగుతారు. సాలమన్ పేరు చెబుతాడు, కారణం చెబుతాడు, క్షమాపణ కోరుకుని కూర్చుంటాడు. పేరొచ్చినవాళ్ళు ఆ పూటంతా పెళ్ళికొడుకు హోదాలో తిరుగుతారు.

దుర్గేష్ బాధ ఇక్కడే మొదలవుతుంది. రెండేళ్ళ స్నేహంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి సాలమన్ అతన్ని చూసి ఏడవలేదు.

దుర్గేష్‌ది తణుకు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాడు, రాజనర్సయ్య కాపలా కాసే అపార్ట్‌మెంటులోనే అద్దెకుంటాడు. కళ్ళజోడు కోసం మొదటిసారి షాపుకెళ్ళినప్పుడు సాలమన్ చీటీ చూసి, "మైనస్ ఒకటిన్నర. గురువారం రా తమ్మీ" అన్నాడు, అంతే. అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత తర్వాత, సాయంత్రాలు ఇరానీ హోటల్లో అందరితో కలిసి చాయ్ తాగుతూ, ఒక్కొక్కరి వంతూ వచ్చిపోవడం చూశాక, లోపల ముల్లు గుచ్చుకోవడం మొదలైంది.

ఆస్తి చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, అందం చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. ఒకడు అసూయకు పాత్రుడయ్యాడని చూసి కుళ్ళుకున్నవాడు హైదరాబాదు మొత్తానికి దుర్గేష్ ఒక్కడే.

అతను ఊరికే కూర్చోలేదు. కొత్త బైకు కొని నేరుగా షాపు ముందు ఆపాడు. హారన్ కొట్టాడు. సాలమన్ బయటికొచ్చి, చుట్టూ తిరిగి చూసి, "మంచిగున్నది. బండి నెమ్మదిగ తోలు" అన్నాడు. దుర్గేష్ ఆయన చేతులకేసి చూశాడు. అవి పొట్ట వైపు పోలేదు. ఇంతలో పక్కనుంచి ఒకాయన పంక్చరైన స్కూటీ తోసుకుంటూ చెమటలు కక్కుతూ పోతుంటే, సాలమన్ ఎగాదిగా చూసి, "అబ్బ, ఏం నడుస్తున్నవ్ అన్నా! నేను నెలకు ఐదువేలు పెట్టి జిమ్ముల చేరి సుత ఒక్కనాడు పోలే" అని పొట్ట నిమురుకున్నాడు. దుర్గేష్‌కు ఆ స్కూటీ టైరులాగే గాలి పోయింది.

సీనియర్ ట్రైనరయ్యాక ఇరానీ హోటల్‌కు పూతరేకుల డబ్బా పట్టుకెళ్ళాడు. సాలమన్ రెండు తిని, "నీకు రావాల్సిందే తమ్మీ" అని దీవించాడు. అదే టేబుల్ దగ్గర భానుశ్రీ కూర్చుని ఉంది. భీమవరం పిల్ల, దుర్గేష్ పనిచేసే సెంటర్లోనే ఫ్రంట్ ఆఫీసు చూసుకుంటూ ఏదో సర్టిఫికెట్ పరీక్ష రాస్తోంది. ఆ రోజే నాలుగోసారి తప్పింది. సాలమన్ ఆమె వైపు తిరిగి గుండెలు బాదుకున్నాడు.

"నాలుగుసార్లు! ఒకే పుస్తకం నాలుగుసార్లు! పాసైనోళ్ళు పరీక్షైన తెల్లారి అన్నీ మరిచిపోతరు. నీకు కామాలతో సహా యాదుంటది. నీకు వచ్చినంత ఎవరికొస్తది బిడ్డా? నాకు కండ్లు కుడుతున్నయ్."

ఏడుపు మొహంతో ఉన్న భానుశ్రీ ఫక్కున నవ్వింది.

"నేను ఒక్కసారికే పాసయ్యానండీ ఆ పరీక్ష" అన్నాడు దుర్గేష్, ఆగలేక.

"అయ్యో, అట్లనా?" అన్నాడు సాలమన్ జాలిగా.

అన్నిటికంటే మించిన మంట విజయేందర్. దుర్గేష్ దగ్గరే ఓనమాలు నేర్చుకున్న కుర్రాడు. వరసగా ఆరు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్న వారం, సాలమన్ చర్చిలో వాడి పేరు చదివాడు. "ఆరు ఆఫీసులు, సహోదరులారా! ఆరింటికి ఆరు లిఫ్టులు ఎక్కిండు, ఆరు ఏసీ రూముల కూసున్నడు. నన్ను ఒక్క ఆఫీసోడన్న లోపలికి పిలిచిండా?" ఏడో ఇంటర్వ్యూలో వాడికి ఉద్యోగమొచ్చింది. ఇప్పుడు వాడికి కారుంది, రాళ్ళెక్కే క్లబ్బులో సభ్యత్వముంది. శిష్యుడు ఎదిగితే గురువుకు సంతోషమే, దుర్గేష్ కాదనలేదు. కానీ ఆ ఆదివారం సాక్ష్యం మాత్రం తనకు రావాల్సింది. ఎప్పటికైనా పేరు రాకపోతుందా అని మూడు వారాలు వరసగా కొత్త చొక్కాలేసుకుని చర్చికి వెళ్ళాడు. మూడో వారం సాలమన్ పాస్టర్‌గారి గొంతు నొప్పి మీద ఏడ్చాడు.

ఇలా ఉండగా విజయేందర్ ఒక కబురు తెచ్చాడు. "సార్, రెండు వారాలైనంక శని, ఆదివారాలు గుట్టకు పోదాం. భువనగిరి అవతల మా క్లబ్బోళ్ళు ఎక్కే బండ ఉన్నది. టెంట్లేసుకుందాం, తాడు కట్టుకుని ఎక్కుదాం. మస్తుంటది."

"ఎంత ఎత్తుంటుంది?" అన్నాడు దుర్గేష్.

"యాభై అడుగులుంటది. మీరు ఎక్కకున్నా ఫికర్ లేదు, కింద కూసోవచ్చు."

కింద కూర్చోవడమా? దుర్గేష్ కళ్ళ ముందు సినిమా మొదలైంది. బండ మీద తను. నడుం మీద చేతులు. కింద సాలమన్ మెడ నిక్కించి చూస్తూ, పొట్ట మీద చెయ్యి వేసి, గుండ్రంగా నిమురుతూ... ఈసారి తప్పించుకోలేడు. యాభై అడుగుల ఎత్తున నిలబడ్డవాణ్ణి చూసి అసూయపడకపోతే ఇక అసూయ అన్న మాటకు అర్థమేముంది?

రెండు వారాలు సాధన చేశాడు. పొద్దున్నే గది గుమ్మం పట్టుకుని వేలాడాడు. సంచిలో పుస్తకాలు నింపి వీపున వేసుకుని ఐదంతస్తులు ఎక్కి దిగాడు. రాజనర్సయ్య రెండు రోజులు చూసి, మూడోరోజు ఉండబట్టలేక, "సారూ, లిఫ్టు నడుస్తనే ఉన్నది గద?" అన్నాడు.

శనివారం తెల్లారేసరికి అమీర్‌పేట మెట్రో కింద సాలమన్ దంపతులూ, భానుశ్రీతో కలిపి ఐదుగురూ విజయేందర్ కారెక్కారు. లోయిస్ డేగిసా నిండా పులిహోర తెచ్చింది. ఆదివారం చర్చి పోతుందని సాలమన్ సణిగితే, "దేవుడు గుట్ట మీదికి రాడా?" అని ఆమే నోరు మూయించింది. ఉప్పల్ దాటగానే భానుశ్రీకి కారు పడక వాంతైంది. అంతే, సాలమన్ అందుకున్నాడు. "చూడు అదృష్టం! కడుపు మొత్తం ఖాళీ. ఇప్పుడు పులిహోర తింటే దాని రుచే వేరు. నేనేమో ఇంట్ల ఇడ్లీలు తిని పాడైన." దుర్గేష్ కిటికీలోంచి బయటికి చూస్తూ, తనక్కూడా వాంతి వస్తే బాగుండునని ఒక నిమిషం గట్టిగా ప్రయత్నించాడు. రాలేదు. తణుకు వాళ్ళ కడుపులు గట్టివి.

బండ నిటారుగా, ఏనుగు వీపు రంగులో ఉంది. విజయేందర్ వెనకదారిన పైకెళ్ళి తాడు కట్టొచ్చాడు. ఎక్కేవాడి నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, తాడు ఒక కొస దానికి కడతారు. తాడు పైదాకా వెళ్ళి మళ్ళీ కిందికొస్తుంది. ఆ రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. పైవాడు జారితే కిందివాడు పట్టుకుంటాడు, ఇంతే సంగతి. భానుశ్రీ పది అడుగులెక్కి, "చాలండీ బాబూ" అని దిగిపోయింది. "సరిగ్గా ఎంత చాలో తెలుసుడు ఎంత గొప్ప! నాకు అన్నం కాడ సుత తెల్వది" అని సాలమన్ ఆమెను చూసి మరోసారి ఏడ్చాడు. పది అడుగులకే! దుర్గేష్ పళ్ళు పటపట కొరికాడు. పది అడుగులకు ఇంత ఏడిస్తే యాభైకి ఎంత ఏడవాలి?

మొదటి ఇరవై అడుగులు బల్లిలా పాకేశాడు. కింద చప్పట్లు. ఇరవై ఐదు. ముప్పై దగ్గర బండ ఉబ్బెత్తుగా ముందుకొచ్చి ఉంది. దాన్ని దాటాలంటే ఒక చెయ్యి వదిలి పైకందుకోవాలి. ఆ చెయ్యి వదలాలని అతను గట్టిగానే అనుకున్నాడు. చెయ్యి అనుకోలేదు. కుడికాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు వణకడం మొదలెట్టింది.

"దుర్గేష్ గారూ, కిందికి మాత్రం చూడకండి!" అని అరిచింది భానుశ్రీ.

వెంటనే చూశాడు.

"సార్, ఏం కాదు. రెండు చేతులు వదలుండ్రి, తాడున్నది!" అన్నాడు విజయేందర్.

"తాడుందని నాకు తెలుసయ్యా! నా చేతులకి తెలీట్లేదు!"

ఇంతలో పైన ఒక మేక వచ్చి నిలబడింది. ఏ తాడూ లేకుండా, ఏ పట్టీలూ లేకుండా, బండ అంచున గడ్డి నములుతూ అతన్ని తీరిగ్గా చూసింది. దుర్గేష్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరగంట గడిచింది. "అమ్మా" అని అరిచాడు, "సత్యనారాయణస్వామీ" అని అరిచాడు, చర్చికి మూడు వారాలు వెళ్ళిన చనువుతో "ప్రభువా" అని కూడా అరిచాడు. చివరికి వేళ్ళు వాటంతటవే పట్టు వదిలేశాయి. విజయేందర్ తాడు మీద మెల్లగా దించాడు. కాళ్ళు నేలకు తగిలాక కూడా కళ్ళు మూసుకునే, "వదలకు, వదలకు" అంటూ ఉన్నాడు.

అతను ఎవరి మొహమూ చూడలేదు. పక్కనున్న పెద్ద రాతిగుండు చాటుకు పోయి కూలబడ్డాడు. కాసేపటికి లోయిస్ పులిహోర ప్లేటు పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ, రాళ్ళ మధ్య నెమ్మదిగా నడిచి వచ్చింది. ఆమెకు చిన్నప్పటినుంచీ ఆ కాలు అంతే.

"తిను తమ్మీ. ఎక్కకుంటే ఏమాయె?"

"ఎక్కడం గురించి కాదండీ." దుర్గేష్ ఇక దాచుకోలేకపోయాడు. రెండేళ్ళ ఉక్రోషం ఒక్కసారి బయటపడింది. "సాలమన్ గారు అందర్నీ చూసి అసూయపడతారు. పంక్చరు బండివాణ్ణి చూసి కూడా పడ్డారు. నన్ను చూసి ఒక్కసారైనా పడ్డారా? నాలో ఏం లోటండీ? ఇవాళైనా పడతారని ఎక్కాను. ఇదీ పోయింది."

లోయిస్ అతని ముఖంలోకి చూసింది. ఆట పట్టించడం లేదని తేలాక, రాయి మీద కూలబడి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"పిచ్చోడా! ఆయన ఎవలెవల మీద ఏడుస్తడో ఎన్నడన్న ఆలోచన చేసినవా?"

"అందరి మీదా."

"అందరి మీదనా? మంచిగ యాది చేసుకో."

దుర్గేష్ గుర్తు చేసుకున్నాడు. రాజనర్సయ్య, చెయ్యి విరిగినప్పుడు. భానుశ్రీ, పరీక్ష తప్పినప్పుడు. విజయేందర్, ఆరు ఉద్యోగాలు పోయినప్పుడు. పాస్టర్‌గారు గొంతు పోయి ప్రసంగం చెయ్యలేనప్పుడు. స్కూటీ ఆయన. మైనస్ నాలుగు పిల్ల. పులిహోర ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"నన్ను పెండ్లికి చూసుకునేటందుకు నలుగురు వచ్చిన్రు" అంది లోయిస్. "నలుగురూ నేను చాయ్ తీస్కొని నడిచొచ్చింది చూసి, చాయ్ తాగి పోయిన్రు. ఐదోడు ఈయన. నేను నడుస్తుంటే చూసిండు. చూసి మా నాయనతోని ఏమన్నడో ఎరుకనా? 'ఈమెను చేసుకునేటోన్ని చూస్తే నాకు ఇప్పట్నుంచే కుళ్ళుగున్నది మామా. వానికి బతుకంతా ఉరుకుడు లేదు, నిమ్మళంగ నడుసుడే' అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. నెల రోజులు మాట్లాడలే. తర్వాత పెండ్లి చేసుకున్న."

దుర్గేష్ చేతిలో ముద్ద తిరిగి ప్లేటులోకి పోయింది.

"నీ మీద ఎందుకు ఏడుస్తడు చెప్పు? నువ్వు మంచిగున్నవ్. ఇంటికొచ్చి అంటడు, 'దుర్గేష్ గురించి నాకు ఫికర్ లేదు, వాడు నిలబడ్డోడు' అని."

రెండేళ్ళు! బాగున్నందుకు రెండేళ్ళు కుమిలిపోయాడన్నమాట. దుర్గేష్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది, ఎందుకంటే అంతకంటే పెద్ద భయం తగులుకుంది. ఇవాళ తను బాగాలేడు. అందరి ముందూ బండను కరుచుకుని ఏడ్చాడు. అంటే ఇప్పుడు తన వంతు వచ్చింది. గుండు అవతలినుంచి సాలమన్ అడుగుల చప్పుడు వినిపించింది.

ఇంతవరకూ దేనికోసం చచ్చాడో, ఇప్పుడది రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఆ పొట్ట మీద చెయ్యి పడిందంటే, తను నిలబడ్డవాడి లెక్కలోంచి పడ్డవాడి లెక్కలోకి పోయినట్టే. గభాలున లేచి, నోటినిండా పులిహోర కుక్కుకుని, "భలే ఉందండీ పులిహోర! భలే సరదాగా ఉందండీ ఇక్కడ!" అని అరిచాడు. సాలమన్ అతన్ని ఎగాదిగా చూసి, నీళ్ళ సీసా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమంతా దుర్గేష్ ఈల వేశాడు, కట్టెలు మోశాడు, ఎవరూ అడక్కుండానే మూడు టెంట్లూ వేశాడు. అందులో రెండు పడిపోయాయి. అప్పుడు ఇంకా గట్టిగా ఈల వేశాడు.

ఆదివారం పొద్దున్నే బండ కింద చాప పరిచి లోయిస్ ప్రార్థన పెట్టింది. పాట అయింది, వాక్యం అయింది, సాక్ష్యాల వేళ వచ్చింది. సాలమన్ లేచి నిలబడ్డాడు. దుర్గేష్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"పదోది మళ్ళ మీరిన" అన్నాడు సాలమన్.

"ఎవరి మీద?" అని లోయిస్ అడిగింది.

సాలమన్ తలెత్తి బండ పైకి చూశాడు. "నిన్న పైకొచ్చిన మేక మీద."

అందరూ గొల్లుమన్నారు. దుర్గేష్ కళ్ళు తెరిచి, రెండేళ్ళలో మొదటిసారి తన పేరు రానందుకు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు సాలమన్ అతని పక్కనొచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, నేను ఎక్కుత. కింద తాడు నువ్వు పట్టు."

"నేనా? విజయేందర్ ఉన్నాడు కదండీ."

"వాడు మంచిగ పడతడు. కని వానికి భయమంటే తెల్వది. పైకి పోయినంక నా పానం ఎట్ల కొట్టుకుంటదో నీకు ఎరుక. నువ్వుంటెనే నాకు ధైర్యం."

విజయేందర్ తాడు పట్టుకునే తీరు రెండుసార్లు చూపించాడు. నిన్నైతే శిష్యుడి దగ్గర పాఠం చెప్పించుకోవాల్సి వచ్చిందని దుర్గేష్ మండిపోయేవాడు. ఇప్పుడు మూడోసారి కూడా చూపించమన్నాడు. బరువుల్లో తేడా చూసి విజయేందర్ అతని నడుముకు ఇంకో తాడు కట్టి, వెనకున్న గుండుకు ముడేశాడు.

సాలమన్ దేవుడి పేరు చెప్పుకుని ఎక్కడం మొదలెట్టాడు. రెండు నిలువుల ఎత్తు, పన్నెండడుగులు వెళ్ళి ఆగిపోయాడు. మాట లేదు. సాలమన్ నోట మాట లేకపోవడం లోయిస్ పెళ్ళయ్యాక చూడలేదు.

"తమ్మీ" అన్నాడు చివరికి, గొంతు పీలగా. "కాళ్ళు నా మాట ఇంటలేవు."

"అన్నా, కుడిచెయ్యి పైకి పెట్టు!" అన్నాడు విజయేందర్. "కిందికి చూడకండి అంకుల్!" అంది భానుశ్రీ. దుర్గేష్ ఇద్దర్నీ చెయ్యెత్తి ఆపబోయి, తాడు గుర్తొచ్చి, "మీరాగండి!" అని అరిచి ఆపాడు. ఆ బండ మీద ఉన్నవాడికి ఈ మాటలేవీ చెవికెక్కవని అతనికి తెలుసు. ఏ మాట ఎక్కుతుందో వెతుక్కున్నాడు.

"సాలమన్ గారూ! మిమ్మల్ని చూస్తుంటే నా కడుపు మండిపోతోందండీ!"

సాలమన్ తల కొంచెం పక్కకు తిప్పాడు. "ఏందీ?"

"అవునండీ. కింద మేం ఉక్కపోతకి చస్తున్నాం. ఈ గుట్టకొచ్చే గాలంతా ముందు మీ దగ్గర సెలవు తీసుకుని, తర్వాత మా దగ్గరికొస్తోంది. పైగా మీకిప్పుడు ఒకటే పని, పట్టుకుని ఉండటం. షాపు తియ్యక్కర్లేదు, ఫోనెత్తక్కర్లేదు. లోయిస్ గారు కొత్తిమీర తెమ్మన్నా మీరు కదల్లేరు. పెళ్ళయ్యాక ఇంత తీరిక మీకెప్పుడైనా దొరికిందా? నాకొస్తే అరగంటలో పాడుచేసుకున్నానండీ!"

సాలమన్ వీపు కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. బండకు మొహం ఆనించి ఆయన నవ్వుతున్నాడు. "లోయిస్! వీనికి చెప్పినవ్ గదనే!" అని అరిచి, మళ్ళీ నవ్వి, ఆ నవ్వులో రెండు చేతులూ వదిలేశాడు.

తొంభై ఆరు కిలోలు కిందికొచ్చాయి. యాభై ఆరు కిలోల దుర్గేష్ పైకి లేచాడు. వెనక గుండుకు కట్టిన తాడు బిగుసుకుని నాలుగడుగుల ఎత్తున ఆగాడు. కానీ చేతిలో తాడు వదల్లేదు. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకరు కొంచెం ఎత్తున, ఒకరు కొంచెం పల్లంలో, గాలిలో వేలాడుతున్నారు.

"పట్టుకున్నవా తమ్మీ?"

"పట్టుకున్నానండీ. నన్ను మాత్రం మీరే పట్టుకున్నట్టుంది."

విజయేందర్ పరిగెత్తుకొచ్చి దుర్గేష్ కాళ్ళు పట్టుకుని నేలకు దించాడు. సాలమన్ మాత్రం దిగలేదు. "ఆగుండ్రి, ఇంకో రెండడుగులు పోత" అని మళ్ళీ బండకు అతుక్కుని, ఇరవై అడుగులదాకా వెళ్ళి, అక్కడ గాలి బాగుందో లేదో చూసి దిగొచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన నోరు విప్పలేదు. భానుశ్రీకి మళ్ళీ వాంతైనా పట్టించుకోలేదు. ఉప్పల్ దాటాక దుర్గేష్‌కు అనుమానమొచ్చి, "ఒంట్లో బాగాలేదాండీ?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్న." మరో రెండు సిగ్నళ్ళు గడిచాయి. "గాలి సెలవు తీసుకునుడు... అది నీకెట్ల తట్టింది?"

"ఏమోనండీ, నోటికొచ్చింది."

"నోటికొచ్చిందంట." సాలమన్ ముఖం ముడుచుకుని కిటికీ వైపు తిరిగాడు. "ఇరవై ఐదేండ్ల సంది అంటున్న. గసొంటి మాట నాకు ఒక్కటన్న తట్టిందా? మొదటిసారికే అన్నడు."

ఈసారి పొట్ట నిమురుకోలేదు, తల ఊపలేదు. చేతులు కట్టుకుని, పెదవి బిగించి, రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు. లోయిస్ దుర్గేష్ చెవి దగ్గరికి వంగింది.

"తమ్మీ, ఇన్నేండ్ల కాపురంల ఈయన నిజంగ కుళ్ళంగ ఇయ్యాల్నే చూస్తున్న. పంజగుట్ట దాంక ఏం మాట్లాడకు."

దుర్గేష్ ఏమీ మాట్లాడలేదు. రుమాలు అడ్డం పెట్టుకుని, అమీర్‌పేట వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.